బడి ఆవరణలో కొత్త వాసన

2016 వేసవిలో చైనా రాజధాని బీజింగులో ఒక ప్రాథమిక పాఠశాల పిల్లల తల్లిదండ్రులు అధికారుల దగ్గరకు ఒక ఫిర్యాదుతో వెళ్లారు. బడి ఆటస్థలంలో వేసిన సింథటిక్ ట్రాకునుంచి ఘాటైన వాసన వస్తోందనీ, పిల్లలకు ముక్కునుంచి రక్తం కారుతోందనీ, తల తిరుగుతోందనీ, దగ్గు వదలటం లేదనీ వాళ్ల మాట. అంతకు ముందు సంవత్సరం ఇదే మాట షాంఘైలో, షెన్‌జెన్‌లో, జియాంగ్సు రాష్ట్రంలోని పట్టణాల్లో వినిపించింది. చైనా పత్రికలు వాటికి ‘విషపు ట్రాకులు’ అని పేరు పెట్టేశాయి.

అధికారులు ఊరుకోలేదు, పరీక్షలు చేయించారు. కొన్నిచోట్ల ట్రాకు నాసిరకమని తేలింది. కొన్నిచోట్ల మాత్రం ‘అన్నీ ప్రమాణాలకు లోబడే ఉన్నాయి’ అని నివేదిక వచ్చింది. తల్లిదండ్రులు ఆ కాగితం చూసి మరింత మండిపడ్డారు. వాళ్ల ముక్కుకు వాసన తగులుతూనే ఉన్నది మరి!

చాలామంది ఇక్కడే రెండు పక్షాలుగా చీలిపోతారు. చదువుకున్నవాళ్లు కొందరు ‘ప్రయోగశాల చెప్పాక ఇంకేముంది, అంతా భయం’ అంటారు. తక్కినవాళ్లు ‘లంచం ఇచ్చి వ్రాయించుకున్న నివేదిక’ అంటారు. నాకు తోచేది ఏమిటంటే, నివేదిక పూర్తిగా నిజమై ఉండి కూడా తల్లిదండ్రుల ఫిర్యాదు నిజం కావచ్చు. అది ఎట్లా సాధ్యమో చెప్పటానికే ఈ వ్యాసం. రసాయన శాస్త్రం చదివేవాళ్లకు ఇందులో కొత్త సంగతులు కొద్దిగానే ఉండవచ్చు. కాని మనలో చాలామంది రేపు ఇంజనీర్లూ, ప్రధానోపాధ్యాయులూ, ముఖ్యంగా తల్లిదండ్రులూ కాబోయేవాళ్లే గదా.

ముందు ఆ ట్రాకు సంగతి. పూర్వం పరుగు పందాలు బొగ్గు బూడిద పరచిన ట్రాకుల మీద జరిగేవి. 1968 మెక్సికో ఒలింపిక్సులో మొదటిసారి సింథటిక్ ట్రాకు వాడారు. మన హైదరాబాదు గచ్చిబౌలిలో ఉన్నదీ ఆ జాతిదే. రబ్బరు గుళికలను పాలీయురెథేన్ అనే జిగురుతో కలిపి నేల మీద పరుస్తారు. పాలీయురెథేన్‌ను 1937లో జర్మనీలో ఆటో బేయర్ బృందం తయారుచేసింది. ఐసోసయనేట్ అనే ద్రవాన్నీ, పాలియాల్ అనే ద్రవాన్నీ కలిపితే రెండూ చర్య జరిపి గట్టి పదార్థంగా మారతాయి. పూర్తిగా గట్టిపడిన పాలీయురెథేన్ పెద్ద ప్రమాదకారి ఏమీ కాదు. మన పరుపుల్లో, చెప్పుల అట్టల్లో, ఫ్రిజ్ గోడల్లో ఉన్నది అదే. వచ్చే చిక్కంతా చర్య జరపకుండా మిగిలిపోయిన దానితోనూ, పని సులువు కావటానికి మధ్యలో పోసినవాటితోనూ. జిగురు చిక్కగా ఉంటే పరచటం కష్టం, కాబట్టి టోలీన్, జైలీన్ వంటి ద్రావణులు కలుపుతారు. మెత్తదనానికి చవక నూనెలు పోస్తారు. త్వరగా గట్టిపడాలని సీసం లవణాలు కలిపేవాళ్లూ ఉన్నారు. రబ్బరు గుళికలు పాత టైర్లనుంచి వచ్చినవైతే వాటిలోని గంధకం కార్బన్ డైసల్ఫైడు రూపంలో మెల్లగా బయటికి వస్తుంది.

ఐసోసయనేట్ అనగానే మనవాళ్లకు 1984 డిసెంబరు గుర్తుకు రావటం సహజం. భోపాలులో వేలమంది ప్రాణాలు తీసింది మిథైల్ ఐసోసయనేట్. అది 39 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది. ట్రాకుల్లో వాడే టోలీన్ డైఐసోసయనేట్ మరగాలంటే దాదాపు 250 డిగ్రీలు కావాలి. ఇంటిపేరు ఒకటే గాని స్వభావాలు వేరు. ఐతే దీనికీ ఒక దుర్గుణం ఉన్నది. ఊపిరితిత్తులకు ఇది ఒకసారి పడకపోయిందంటే, ఆ తర్వాత లేశమాత్రం సోకినా ఉబ్బసం వస్తుంది. ఈ పదార్థంతో పనిచేసే కార్మికుల్లో వైద్యులు దీన్ని ఎప్పటినుంచో చూస్తున్నారు.

ఇప్పుడు నివేదిక దగ్గరకు వద్దాం. అప్పట్లో చైనాలో సింథటిక్ ట్రాకులకు వర్తించేది 2011 నాటి ప్రమాణం. దాని నంబరులో ‘టీ’ అనే అక్షరం ఒకటి ఉన్నది. అది ‘సిఫారసు’ అని చెప్పే గుర్తు, అనగా పాటించి తీరాలని లేదు. అందులో పరీక్షించమన్న హానికర పదార్థాలు బెంజీన్, టోలీన్-జైలీన్‌ల మొత్తం, మిగిలిపోయిన టోలీన్ డైఐసోసయనేట్, సీసం, కాడ్మియం, క్రోమియం, పాదరసం. అంతే. ట్రాకు ముక్కను కరిగించి వీటి పాళ్లు కొలిచేవారు. ఆ ముక్కనుంచి గాలిలోకి ఏం వస్తోంది అన్న ప్రశ్న ఆ ప్రమాణంలో లేనే లేదు. వాసన అనే మాటా లేదు. జాబితాలో లేని పదార్థం ఎంత ఉన్నా నివేదికకు ఎక్కదు. కార్బన్ డైసల్ఫైడు కుళ్లు వాసన బడి మొత్తం కమ్మినా సరే, ఆ కాగితం మీద ట్రాకు పరీక్ష ప్యాసయినట్టే.

మనం పరీక్షలు వ్రాసి వచ్చినవాళ్లం కాబట్టి ఇది తేలికగానే అర్థమవుతుంది. సిలబస్‌లో లేని ప్రశ్న పేపరులో రాదు. పేపరులో రాని దాంట్లో ఎవడూ ఫెయిలు కాడు.

పైగా పరీక్షకు వెళ్లిన నమూనా ఎక్కడిది? చాలాసార్లు అది పని మొదలుపెట్టక ముందే ఫ్యాక్టరీలో శ్రద్ధగా పోసి చేసిన ముక్క. ఆటస్థలంలో ఎండలో కూలీలు డ్రమ్ముల్లో కలిపి పరచింది వేరే సరుకు. మేస్త్రీ ఇంకో డబ్బా థిన్నరు పోసిన సంగతి ఫ్యాక్టరీ ముక్కకు తెలియదు. 2016 జూన్ 21న చైనా ప్రభుత్వ టెలివిజన్ ఒక కార్యక్రమం ప్రసారం చేసింది. హెబీ రాష్ట్రంలోని చిన్న చిన్న కార్ఖానాల్లో పాత టైర్లు, పనికిరాని కేబుళ్ల తొడుగులు నూరి ట్రాకుల ముడిసరుకు తయారుచేయటం అందులో దేశమంతా చూసింది. మర్నాడే విద్యాశాఖ స్పందించి, నాసిరకం అని తేలిన ట్రాకులను తవ్వి తీసేయాల్సిందే అన్నది.

ఆ తర్వాత 2018 మేలో బడులకోసం ప్రత్యేకంగా కొత్త ప్రమాణం ప్రకటించి, నవంబరు 1 నుంచి అమలులో పెట్టారు. దాని నంబరులో ‘టీ’ అక్షరం లేదు, అంటే తప్పనిసరి. జాబితా బాగా పెరిగింది. నమూనాను ఒక మూసిన పెట్టెలో ఉంచి దానినుంచి వెలువడే ఆవిరిలో ఏమున్నదో కొలవటం వచ్చింది. ఫార్మాల్డిహైడు, కార్బన్ డైసల్ఫైడు అందులో చేరాయి. నాకు అన్నిటికంటే నచ్చినది వాసన స్థాయి. దాన్ని యంత్రం కొలవదు. కొందరు మనుషులు నమూనాను వాసన చూసి అంకె వేస్తారు. రెండేళ్ల క్రితం తల్లిదండ్రులు బడి గేటు దగ్గర చేసిన పనే అది.

అయితే ముక్కును పూర్తిగా నమ్మవచ్చునా? ఇక్కడ తల్లిదండ్రులకు కూడా ఒక మాట చెప్పాలి. వాసన ఎంత ఘాటుగా ఉంటే ప్రమాదం అంత ఎక్కువ అనుకోవటం సరికాదు. మన వంటగ్యాసుకు సహజంగా వాసన లేదు. లీకయితే తెలియాలని కంపెనీవాళ్లు మెర్‌కాప్టాన్ అనే పదార్థం కలుపుతారు. అది వంద కోట్ల భాగాల గాలిలో ఒక్క భాగం ఉన్నా ముక్కు పట్టేస్తుంది. ఆ మోతాదులో అది మనల్ని ఏమీ చేయదు. మరోవైపు జనరేటరు పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసనే లేదు, ప్రాణం తీస్తుంది. టోలీన్ డైఐసోసయనేట్ సంగతి ఇంకా విచిత్రం. అమెరికాలో కార్మికులకు పెట్టిన గరిష్ఠ పరిమితి పది లక్షల భాగాల గాలిలో 0.02 భాగం. మన ముక్కు దాన్ని పసిగట్టాలంటే అంతకు ఎన్నో రెట్లు ఉండాలి. అనగా వాసన తెలిసేసరికే హద్దు దాటిపోయింది. పైగా ముక్కు త్వరగా అలసిపోతుంది. ప్రయోగశాలలో టోలీన్ సీసా మూత తీసినప్పుడు గుప్పున కొట్టే వాసన కాసేపటికి తెలియకుండా పోవటం మన విద్యార్థులందరికీ అనుభవమే. సీసాలో టోలీన్ మాత్రం తగ్గలేదు. రోజంతా బడిలోనే ఉండే పంతులుగారికి వాసన తెలియకపోవటం, సాయంత్రం పిల్లవాణ్ణి తీసుకుపోవటానికి వచ్చిన తల్లికి గుప్పున కొట్టటం అందుకే. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

వేళ కూడా ముఖ్యం. టోలీన్ బాష్పపీడనం 20 డిగ్రీల దగ్గర సుమారు 22 మిల్లీమీటర్లు, 40 డిగ్రీల దగ్గర 59. అంటే రెండున్నర రెట్లకు మించి. ఎండకు కాగిన ట్రాకు, రేకుల కప్పు గాలికంటే ఎంతో వేడెక్కుతాయి. ఉదయం ఎనిమిది గంటలకు చల్లని వేళ వచ్చి గాలి పట్టుకుపోయిన అధికారికి తక్కువ అంకె వస్తుంది. మధ్యాహ్నం రెండు గంటలకు ఆటల పీరియడ్‌లో పరుగెత్తే పిల్లవాడు పీల్చేది ఇంకో అంకె. బీజింగు ఎండ సంగతి ఎట్లా ఉన్నా, మన రెంటచింతల ఎండలో ఈ లెక్క చేసి చూడండి.

ఇక పరిమితుల మాట. ‘పరిమితిలోనే ఉంది’ అన్నప్పుడు ఎవరి పరిమితి అని అడగటం మనవాళ్లకు అలవాటు లేదు. టోలీన్‌కు అమెరికా ప్రభుత్వ కార్మిక శాఖ 1971 నుంచి అనుమతిస్తున్నది పది లక్షల భాగాలకు 200. అదే దేశంలో పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల సంఘం 2007లో సిఫారసు చేసినది 20. పదార్థం ఒకటే, దేశం ఒకటే, తేడా పది రెట్లు! పైగా ఇవి రెండూ ఆరోగ్యంగా ఉండి రోజుకు ఎనిమిది గంటలు పనిచేసే పెద్దవాళ్ల కోసం వేసిన లెక్కలు. ఏడేళ్ల పిల్ల కోసం వేసినవి కావు.

పిల్లలు చిన్నసైజు పెద్దవాళ్లు కారు. ఒక కిలో బరువుకు పెద్దవాళ్లకంటే ఎక్కువ గాలి పీలుస్తారు. పరుగెత్తుతూ నోటితో పీలుస్తారు, ముక్కులో ఆగవలసినది కూడా లోపలికి పోతుంది. నేలకు దగ్గరగా ఉంటారు. ఊపిరితిత్తులు ఇంకా పెరుగుతూనే ఉంటాయి. ఇవన్నీ శరీరానికి సంబంధించినవి. నా ఉద్దేశంలో ఇంకో పెద్ద తేడా ఉన్నది. కార్మికుడికి జీతం ఇస్తారు, ముఖానికి మాస్కు ఇస్తారు, కనీసం ఇవ్వాలని చట్టంలో ఉంది, మరీ పడకపోతే పని మానేస్తాడు. బడిపిల్లకు ఆ వీలు లేదు. గంట కొడితే లోపల కూర్చోవలసిందే. బయటికి పోతే హాజరు పోతుంది.

అదే 2016లో చైనాలోనే జరిగిన ఇంకో సంగతి కూడా చెప్పాలి. జియాంగ్సు రాష్ట్రంలో చాంగ్‌జౌ అనే నగరం ఉన్నది. అక్కడ పేరున్న ఒక పాఠశాల 2015 సెప్టెంబరులో కొత్త భవనాల్లోకి మారింది. రోడ్డుకు అవతల పక్కన వెనక రసాయన ఫ్యాక్టరీలు ఉండిన స్థలం. ఫ్యాక్టరీలు వెళ్లిపోయాయి గాని మట్టిలో విషం మిగిలింది. ఆ మట్టిని శుద్ధి చేస్తామని తవ్వటం మొదలుపెట్టారు. శుద్ధి చేయటం మంచిపనే. కాని తవ్వితే లోపలిదంతా పైకి వచ్చింది. చలికాలంలో కిటికీలు వేసుకున్నా తరగతి గదుల్లోకి కంపు వస్తోందని తల్లిదండ్రులు మొరపెట్టుకున్నారు. ఆ మరుసటి సంవత్సరం ఏప్రిల్ 17న ప్రభుత్వ టెలివిజన్ ఈ కథ బయటపెట్టింది. ఆసుపత్రుల్లో పరీక్ష చేయించుకున్న 641 మంది విద్యార్థుల్లో 493 మందికి ఏదో ఒక అసాధారణ ఫలితం వచ్చిందని చెప్పింది.

ఈ అంకెను జాగ్రత్తగా చదవాలి. ‘అసాధారణం’ అనే మాట కిందికి చర్మం మీది దద్దుర్లనుంచి రక్తపరీక్షలో చిన్న తేడాలదాకా చాలా వచ్చాయి. ఊరికే వరసపెట్టి పరీక్షలు చేసినా మామూలు పిల్లల్లో కొందరికి ఏదో ఒకటి కనపడుతుంది. ఆగస్టులో ప్రభుత్వ దర్యాప్తు బృందం బడి ఆవరణలోని గాలి, నీరు, మట్టి ప్రమాణాల ప్రకారమే ఉన్నాయన్నది. ఐతే అదే బృందం శుద్ధి పనిలో లోపాలు జరిగాయని ఒప్పుకున్నది, అధికారులపై చర్యలూ ఉన్నాయి. పని ముగియక ముందే పిల్లలను తెచ్చి కూర్చోబెట్టారన్నది మాత్రం ఎవరూ కాదనలేని సంగతి. రెండు పర్యావరణ సంఘాలు ఆ ఫ్యాక్టరీల మీద దావా వేశాయి. 2017 జనవరిలో కింది కోర్టు దావా కొట్టివేయటమేగాక, దాదాపు 19 లక్షల యువాన్ల ఖర్చు ఆ సంఘాల నెత్తినే వేసింది. 2018 డిసెంబరులో రాష్ట్ర హైకోర్టు ఆ తీర్పును మార్చి, మూడు కంపెనీలూ క్షమాపణ చెప్పాలన్నది. బడికి పిల్లలను పంపిన పాపానికి ఎన్ని మెట్లు ఎక్కవలసి వచ్చిందో చూడండి.

ప్రతి ఫిర్యాదూ నిజమేనా అంటే, కాదు. చిన్నపిల్లలకు ముక్కునుంచి రక్తం రావటం మామూలు, అందులోనూ బీజింగు వంటి పొడిగాలి ఊళ్లో. దగ్గుకు వంద కారణాలు. ఒక పిల్లకు వాంతి అయితే చూసి పక్క పిల్లకు అవటమూ ఉన్నది. మరి తేల్చటం ఎట్లా? ఒక్కొక్క పిల్లను విడిగా చూస్తే తేలదు. అందరినీ కలిపి వ్రాసుకుంటే ఒక క్రమం కనపడుతుంది. ఆటస్థలం వైపు కిటికీలున్న తరగతుల్లో ఎక్కువా, అవతలి వైపు తక్కువా? ఆదివారం తగ్గి సోమవారం మళ్లీ వస్తోందా? గాలి అటు వీచినరోజు ఎట్లా ఉంది? ఈ మాత్రం లెక్కకు ప్రయోగశాల అక్కరలేదు, తేదీ వేసిన నోటుపుస్తకం చాలు. తల్లిదండ్రులు కోపంతో వ్రాసే అర్జీకంటే ఈ నోటుపుస్తకానికి బలం ఎక్కువ. ‘మీరు ఊరికే భయపడుతున్నారు’ అని దాన్ని తోసెయ్యటం కష్టం.

మన బడుల్లో సింథటిక్ ట్రాకులు అరుదు. మన దగ్గర వాసన వేరే దారిన వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన ‘నాడు-నేడు’, తెలంగాణలో 2022లో మొదలైన ‘మన ఊరు-మన బడి’ పథకాల కింద వేల బడులకు మరమ్మతులు, రంగులు, కొత్త బల్లలు వచ్చాయి. రావలసినవే, ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నవే. ఎటొచ్చీ వేసవి సెలవుల్లో మొదలైన పని జూన్‌లో బడి తెరిచేనాటికి ముగియకపోవటం మనకు కొత్త కాదు. ఒక గదిలో పాఠం, పక్క గదిలో ఎనామిల్ రంగు, పైన కప్పు కారకుండా కాచిన తారు. ప్లైవుడ్ బల్లల జిగురునుంచి ఫార్మాల్డిహైడు నెలల తరబడి వస్తూనే ఉంటుంది. కళ్లు మండించే ఈ వాయువును అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో మనుషులకు క్యాన్సర్ కలిగించేవాటి వరసలో చేర్చింది. కొత్త బల్లలను ముందు నాలుగు వారాలు కిటికీలు తీసిన గదిలో ఉంచితే చాలా మేలు. దానికి పైసా ఖర్చు లేదు.

వీటన్నిటికంటే నాకు ఎక్కువ దిగులు కలిగించేది అసలు వాసనే లేనిది. కొత్త రంగు వేసేముందు గోడలకూ, తలుపులకూ ఉన్న పాత రంగును ఉప్పుకాగితంతో గీకుతారు. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90 మించరాదన్న నియమం 2016లో వచ్చి, 2017 నవంబరు 1 నుంచి పూర్తిగా అమలులోకి వచ్చింది. అంతకు ముందు వేసిన ఎనామిల్ రంగుల్లో ఎంత సీసం ఉన్నదో ఏ గోడా చెప్పదు. గీకిన పొడి నేల మీద, బల్లల మీద పడుతుంది. దాని మీదే పిల్లలు కూర్చుని, ఆ చేతులతోనే మధ్యాహ్నం అన్నం తింటారు. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. రంగు వాసనకు ముక్కు మూసుకునే తల్లి ఈ పొడిని చీపురుతో ఊడ్చేసి ఊరుకుంటుంది. ఊడిస్తే అది లేచి గాలిలో కలుస్తుంది. తడిపి గీకాలి, తడిగుడ్డతో తుడవాలి, పిల్లలు లేనప్పుడు చెయ్యాలి. మేస్త్రీలకు ఇది ఎవరూ చెప్పరు. పొడి ముందుగా పోయేది వాళ్ల ఊపిరితిత్తుల్లోకే.

ప్రధానోపాధ్యాయుణ్ణి తప్పుపట్టి లాభం లేదు. కంట్రాక్టరు ఆయన మాట వినడు, పని ఆపితే బిల్లు ఆగిందని పైనుంచి ఫోను వస్తుంది. తల్లిదండ్రులు వచ్చి అడిగితేనే ఆయనకూ కొంత బలం. అడిగేటప్పుడు ‘వాసన వస్తోంది’ అనటంతో సరిపెట్టక, ఏ డబ్బాలోది, ఏ రోజున, ఏ గదిలో వేశారు, ఆరటానికి ఎన్ని రోజులు అని అడగాలి. కాలేజీ ఉన్న ఊళ్లో అయితే ఆ డబ్బా మీది పేర్లు చదివి ఏది ఏమిటో తెలుగులో చెప్పటానికి రసాయన విభాగంలో ఒక్క పీజీ విద్యార్థి చాలు. ఎన్.ఎస్.ఎస్. క్యాంపుల్లో మనం బడి గోడలకు సున్నాలు వేశాం, మొక్కలు నాటాం, ఇది వాటికంటే కష్టమైన పనేమీ కాదు.

డబ్బా మీద కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, సీసం 90 మించలేదన్న మాట ముద్రించి ఉండాలి. పని ముగిసిన మర్నాడే ఖాళీ డబ్బాలు పాత సామాన్ల బండికి పోతాయి. కాబట్టి వాటిని వ్రాసుకోవలసింది రంగు వేస్తున్న పూటే.